కోడి మీద కోపం బండి మీద

కిందటి సంచికలో ఆవకాయ జాడీల గురించి రాస్తే, "ఈసారి మీ ఎర్రబండి గురించి రాయండి అక్కా" అని ముగ్గురు నలుగురు ఫోను చేశారు. రాద్దామని నేనూ అనుకుంటూనే ఉన్నాను. బండి ఇంటి ముందు ఉండగా రాస్తే మురిపెంగా ఉండేది. ఇప్పుడు బండి లేదు. గరాజు ముందు సిమెంటు మీద నూనె మరక మాత్రం మిగిలింది. మా ఆయన రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దారు, పోలేదు. మూడోసారి రుద్దబోతే నేనే వద్దన్నాను.

మన పిట్స్‌బర్గ్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు ఆ బండిని పరిచయం చెయ్యాలి. అది 1993 మోడల్ చిన్న పికప్ ట్రక్కు. రెండే తలుపులు, నాలుగు సిలిండర్ల ఇంజను, చేత్తో మార్చుకునే అయిదు గేర్లు, వెనక ఆరడుగుల తొట్టి. 1998లో మా ఆయన ఆఫీసులో ఒకాయన టెక్సస్ వెళ్ళిపోతూ మూడు వేల డాలర్లకి ఇచ్చేశారు. ఇంట్లో ఉన్న ఒక్క కారు మా ఆయన ఆఫీసుకి తీసుకెళ్ళేవారు కాబట్టి నేను డ్రైవింగు నేర్చుకున్నది దీని మీదే. ఈ ఊరి కొండల మీద, ఎర్రలైటు దగ్గర, వెనక్కి జారిపోకుండా క్లచ్చి పట్టడం నేర్చుకున్న ఆడది ఇక దేనికీ భయపడదని నా నమ్మకం!

ఆ బండి పక్కన నిలబడి ఫోటో తీయించుకుని తెనాలి పంపిస్తే మా మామగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అబ్బాయి ఉద్యోగం సంగతి చెప్పాడు గాని, అమ్మాయి లారీ తోలుతోందని చెప్పలేదే" అని. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు లారీ. బయట నా పేరు ట్రక్కక్క.

ఇరవై ఆరేళ్ళలో ఆ తొట్టిలో ఎన్ని సంసారాలు ఇల్లు మారాయో లెక్కలేదు. యూనివర్సిటీలో చదువుకోవడానికి వచ్చిన పిల్లలు రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన పరుపు చూసి నాకు ఫోను చేసేవారు. "ఆంటీ, వాన వచ్చేలా ఉంది, కాస్త తొందరగా..." అని. ఉగాదికి గంగాళాలు, సంక్రాంతికి చెరుకుగడలు, పిక్నిక్కుకి బొగ్గుల పొయ్యి, డాన్సు ప్రోగ్రాములకి తెరలు, అన్నీ అందులోనే. బేరం ఒక్కటే, పని అయ్యాక నాకు మంచి కాఫీ ఇవ్వాలి. గ్యాసు డబ్బులిస్తామంటే తీసుకునేదాన్ని కాదు. నిజం చెప్పొద్దూ, అది పెద్దగా తాగేది కూడా కాదు. హైవే మీద గ్యాలనుకి పాతిక మైళ్ళు ఇచ్చేది.

ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా. మనం ఊరగాయలో వేస్తే ఏళ్ళ తరబడి నిలవ ఉంచే ఉప్పే, ఇనుముకి మాత్రం చీడపురుగు. 2024 ఆగస్టులో ఏటా చేయించే ఇన్‌స్పెక్షన్‌కి తీసుకెళ్తే మెకానిక్ బండి కిందకి వెళ్ళి ఫ్రేము మీద సుత్తితో మెల్లిగా కొట్టాడు. టంగుమని మోగాల్సింది, అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్బుమంది. రెండో దెబ్బకి సుత్తి లోపలికి దిగింది. ఆయన నా మొహం చూసి, "దీనికి స్టిక్కర్ ఇస్తే మిమ్మల్ని నేనే చంపినట్టు" అన్నాడు. ముప్ఫై ఒక్క చలికాలాలు చూసిన బండి. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

అక్టోబరులో దసరా వచ్చింది. హాలుకి బొమ్మలకొలువు మెట్లు చేర్చాలి. అలవాటు ప్రకారం అందరూ నన్నే అడిగారు. ఇంటి సామాను అమ్మే దుకాణంలో గంటల లెక్కన అద్దెకిస్తుంటే ఒక పికప్ తెచ్చాను. చిన్నది అడిగితే ఉన్నది ఇదే అన్నారు. ఎక్కడానికి పక్కన మెట్టు, పట్టుకోవడానికి పిడి. ఎక్కి కూర్చుంటే అంబారీ మీద కూర్చున్నట్టే ఉంది. దూరంగా ఉన్నవన్నీ బ్రహ్మాండంగా కనపడుతున్నాయి. నా ముక్కు కిందున్నవే కనపడటం లేదు. ఆ సంగతి అప్పటికి నాకు తెలియలేదు.

హాలు ముందు మెట్లు దింపేశాం. బండిని పక్కకి తీసి పెడదామని ఎక్కాను. అద్దాలు మూడూ చూసుకున్నాను. ఎదురుగా చూశాను, ఎవరూ లేరు. బ్రేకు మీదనుంచి కాలు తీస్తున్నాను.

"ఆగమ్మా! ఆగూ!"

ఎవరో పెద్దావిడ అరుపు. తొక్కేశాను బ్రేకు. బండి జానెడు కూడా కదిలి ఉండదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, బండి ముందునుంచి ఒక పాపని రెక్క పట్టుకుని పక్కకి లాగింది. అప్పుడు చూశాను ఆ పాపని. నాలుగేళ్ళుంటాయి. పట్టు పరికిణీ, చేతిలో బంతిపువ్వు. బుట్టలోంచి జారి దొర్లిన పువ్వుకోసం వచ్చిందట. వంగి ఉన్నప్పుడు కనపడలేదంటే సరే. పువ్వు తీసుకుని లేచి, బండి వైపే చూస్తూ నిలబడిందట. అప్పుడూ నాకు కనపడలేదు.

కిందకి దిగి బండి ముందు నిలబడ్డాను. బానెట్ అంచు నా భుజాలకి కాస్త కింద ఉంది. కాళ్ళు వణుకుతుంటే అక్కడే పేవ్‌మెంటు మీద కూర్చున్నాను. "నీ తప్పేం లేదమ్మా" అని అందరూ అన్నారు. ఉంది. తెలియని బండి, పిల్లలు తిరిగే చోటు, ఎక్కేముందు ఒకసారి చుట్టూ తిరిగి చూడాల్సింది. అది నా తప్పే. కానీ ఆ ఎర్రబండిలో అయితే బానెట్ మీదుగా ఆ పాప తలలో కనకాంబరాలు కనపడేవి. అది కూడా నిజమే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండింటికి లేచి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఇరవై ఆరేళ్ళు నాకు సరిపోయిన బండి లాంటిది, కొత్తది, ఒక్కటి కొనుక్కుందామంటే ఎందుకు దొరకదు? ఆ రాత్రి మొదలుపెట్టి చలికాలమంతా చదివాను. చదివింది మీకూ చెబుతాను. పిల్లలూ, ఇది కోడి కథ కాబట్టి మీరూ వినండి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో కోళ్ళని పెద్ద పెద్ద ఫారాల్లో పెంచడం మొదలైంది. కోడిమాంసం చవకైపోయింది. ఓడల మీద యూరప్‌కి వెళ్ళడం మొదలెట్టింది. అక్కడి రైతులు లబోదిబోమన్నారు. 1962లో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ వగైరా దేశాల ఉమ్మడి మార్కెట్ దిగుమతి కోడి మీద సుంకం పెంచేసింది. అమెరికాకి కోపం వచ్చింది. 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బదులు తీర్చుకున్నారు. బయటినుంచి వచ్చే బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పిండి, బ్రాందీ, చిన్న ట్రక్కులు, ఈ నాలుగింటి మీద 25 శాతం సుంకం వేశారు. అత్త మీద కోపం దుత్త మీద అంటామే, అదన్నమాట! అప్పట్లో జర్మనీ నుంచి ఫోక్స్‌వాగన్ వ్యాన్లు, చిన్న ట్రక్కులు వస్తుండేవి. దెబ్బ వాటికి తగిలింది.

తర్వాత కోడి గొడవ సద్దుమణిగింది. మిగతా మూడింటి మీద సుంకం ఎత్తేశారు. ట్రక్కుల మీద మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని ఇప్పటికీ చికెన్ టాక్స్ అనే అంటారు. దశాబ్దాల పాటు బయటి కార్ల మీద సుంకం 2.5 శాతమైతే, ట్రక్కుల మీద దానికి పదిరెట్లు!

జపాన్ వాళ్ళు తక్కువవాళ్ళా? వెనక తొట్టి లేకుండా ఒట్టి చట్రం, ముందు గది మాత్రమే ఓడలో పంపేవారు. అది పూర్తి ట్రక్కు కాదు కాబట్టి సుంకం 4 శాతమే. తొట్టి ఇక్కడికి వచ్చాక బిగించేవారు. 1972లో వచ్చిన ఫోర్డ్ కొరియర్ నిజానికి మాజ్దా వాళ్ళు చేసింది. అదే ఏడాది వచ్చిన షెవర్లే లవ్ ఇసుజు వాళ్ళు చేసింది. ఆ మరుసటేడే, 1973లో, చమురు కటకట వచ్చింది. బంకుల ముందు కార్లు బారులు తీరాయి. తక్కువ తాగే చిన్న ట్రక్కుల వైపు జనం చూపు మళ్ళింది. 1980లో ప్రభుత్వం ఆ తొట్టి కిటుకుని మూసేసింది.

సుబారు వాళ్ళ తెలివి ఇంకా తమాషా. 1978లో బ్రాట్ అనే బుల్లి బండి తెచ్చారు. వెనక తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, "ఇది ట్రక్కు కాదు, కారు" అన్నారు! రోనాల్డ్ రీగన్ కూడా తన తోటలో తిరగడానికి అలాంటిది ఒకటి ఉంచుకున్నారు.

సరే, బయట చేసి తెస్తే సుంకం, ఇక్కడే చేస్తే లేదు. అందుకని 1980లలో చిన్న ట్రక్కులు ఇక్కడే పుట్టడం మొదలెట్టాయి. షెవర్లే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ వచ్చాయి. టెనెసీ రాష్ట్రం స్మిర్నాలో నిస్సాన్ కర్మాగారం నుంచి 1983 జూన్‌లో బయటికొచ్చిన మొట్టమొదటి వాహనం ఒక చిన్న పికప్. కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టొయోటా కలిసి నడిపిన కర్మాగారంలో టొయోటా చిన్న పికప్పులు తయారయ్యాయి. ఫ్రీమాంట్‌లో ఉన్న మనవాళ్ళెందరో రోజూ దాటి వెళ్ళే చోటే అది. ఆ కర్మాగారం 2010లో మూతపడింది. ఇప్పుడు అక్కడ టెస్లా కార్లు తయారవుతున్నాయి.

మరి ఇన్ని బండ్లూ ఏమైపోయాయి? ఎస్-10 2004లో ఆగిపోయింది. మాజ్దా చిన్న ట్రక్కు 2009లో ఈ దేశంలో ఆగింది. డాడ్జ్ డకోటా 2011లో. అదే ఏడాది డిసెంబరులో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ కర్మాగారం మూసేసి రేంజర్‌నీ ఆపేశారు. 2019లో రేంజర్ పేరుతో మళ్ళీ వచ్చింది గాని, పేరే పాతది, ఒళ్ళు కొత్తది. టాకోమా, కొలరాడో లాంటివి ఉన్నాయి కదా అంటారేమో. పక్కన పాత ఫోటో పెట్టి చూడండి. ఒకప్పటి పెద్దబండ్లంత అయ్యాయి అవి.

ఇందులో ఒక రూలు పాత్ర ఉంది. ఇంధనం ఆదా కావాలని 1975లోనే ఇక్కడ చట్టం చేశారు. కంపెనీ అమ్మే బండ్లు సగటున గ్యాలనుకి ఇన్ని మైళ్ళు ఇవ్వాలని. మంచి ఉద్దేశమే. తర్వాత ట్రక్కులకి 2008 మోడళ్ళ నుంచి కొత్త లెక్క ప్రవేశపెట్టి, 2011కల్లా అందరికీ తప్పనిసరి చేశారు. బండి నాలుగు చక్రాల మధ్య ఎంత జాగా ఉందో కొలుస్తారు. జాగా తక్కువైతే ఎక్కువ మైళ్ళు ఇవ్వాలి, జాగా ఎక్కువైతే తక్కువ ఇచ్చినా చాలు.

పిల్లలూ, మీ క్లాసులో టీచరు, "పొట్టివాళ్ళకి 90 మార్కులు రావాలి, పొడుగువాళ్ళకి 60 చాలు" అన్నారనుకోండి. అందరూ చదువుతారా, ఎత్తు మడమల చెప్పులు కొనుక్కుంటారా? కంపెనీలు చెప్పులు కొనుక్కున్నాయి! చిన్న ట్రక్కుకి ఆ మార్కులు తెప్పించాలంటే ఖర్చు. బండిని సాగదీయడం తేలిక. పైగా పెద్దబండి మీద లాభం ఎక్కువ. 2025 జులైలో వచ్చిన చట్టం ఈ రూలు తప్పితే కట్టాల్సిన జరిమానాని సున్నా చేసింది. కానీ మూసేసిన కర్మాగారాలు మర్నాడే తెరుచుకోవు కదా.

తప్పంతా రూళ్ళ మీదా కంపెనీల మీదా తోసేస్తే అన్యాయం. కొనేవాళ్ళం మనమే. గ్యాసు చవకగా ఉన్న రోజుల్లో ఇంటికీ పొలానికీ ఒకటే బండి కావాలన్నారు. నాలుగు తలుపులు కావాలన్నారు, వెనక పిల్లలు కూర్చోవాలన్నారు. అందులో తప్పు లేదు, నా ఎర్రబండిలో నా ఇద్దరు పిల్లలూ నేనూ కలిసి వెళ్ళడానికి వీలే ఉండేది కాదు. పాతబండిలో ఎయిర్ బ్యాగులూ లేవు. కానీ అవసరానికి కొనడం వేరు, పక్కింటాయన కొన్నాడని కొనడం వేరు. మన పార్కింగులో ఏడాదికి ఒక్కసారైనా తొట్టిలో సామాను ఎక్కని ట్రక్కులు ఎన్ని ఉన్నాయో మీరే చూడండి. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, మా అబ్బాయి కూడా ఆ లెక్కలోకే వస్తాడు!

ఇంజన్లు ఈ ముప్ఫై ఏళ్ళలో ఎంతో మెరుగయ్యాయి. ఆ మెరుగంతా బరువుకీ బలానికీ పోయింది. గ్యాసు పొదుపుకి మిగిలింది కొంచెమే. మా అబ్బాయి బండి గ్యాలనుకి 20 మైళ్ళు ఇస్తుంది. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 600 గ్యాలన్లు. అదే 40 మైళ్ళు ఇచ్చే బండి అయితే 300 గ్యాలన్లే. మిగిలిన 300 గ్యాలన్లకి మీ ఊళ్ళో గ్యాసు ధర వేసుకుని ఎంతవుతుందో పిల్లలు లెక్క కట్టి నాన్నగారికి చూపించండి. నా పేరు చెప్పకండి.

ఇక ఆ ఎత్తు సంగతి. ఇక్కడ ఇన్సూరెన్సు కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐ.ఐ.హెచ్.ఎస్. 2023లో ఒక అధ్యయనం ప్రచురించింది. బానెట్ అంచు 40 అంగుళాల కన్నా ఎత్తున్న వాహనం మనిషిని గుద్దితే ప్రాణం పోయే అవకాశం, 30 అంగుళాలో అంతకన్నా తక్కువో ఉండి ముందుభాగం వాలుగా ఉన్న వాహనంతో పోలిస్తే, దాదాపు 45 శాతం ఎక్కువట. అది చదివాక ఆ పాప బంతిపువ్వు మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది.

ఊళ్ళో మా తమ్ముడికి ఈ గోడు చెప్పుకుంటే నవ్వాడు. 2005లో టాటా ఏస్ వచ్చిన కొత్తల్లో వాడొకటి కొన్నాడు. దుగ్గిరాల యార్డుకి పసుపు బస్తాలు దాన్లోనే తోలేవాడు. రెండు సిలిండర్లు, 16 గుర్రాల బలం, ముప్పాతిక టన్ను బరువు. పొడవు మూడు మీటర్ల 80 సెంటీమీటర్లు. "అక్కా, ఇక్కడ సందుకొకటి ఉంది, ఒకటి పార్సిలు చెయ్యనా?" అన్నాడు. చెయ్యలేడు. ఇక్కడి భద్రతా నియమాలకి అది ఆగదు, మన ఫ్రీవే వేగానికీ తూగదు. అదే రావాలని నేను కోరడం లేదు. మోసే బరువుకి తగ్గ బండి చెయ్యడం మనుషులకి ఇంకా చేతనవుతోందని చెప్పడానికే ఈ ముచ్చట.

ఇక్కడ కూడా ఆశ లేకపోలేదు. 2021లో ఫోర్డ్ మావెరిక్ అనే హైబ్రిడ్ ట్రక్కు ప్రకటించి ధర 20,000 డాలర్ల లోపు మొదలెట్టింది. ఊళ్ళో తిరిగితే గ్యాలనుకి 42 మైళ్ళని ప్రభుత్వ లెక్క. జనం ఎగబడ్డారు. చిన్నబండి ఎవరికీ వద్దన్న మాట అప్పుడే తేలిపోయింది. తర్వాత ధర చాలా పెరిగింది. తొట్టి కూడా నాలుగున్నర అడుగులే. మా పరుపులకీ కొలువు మెట్లకీ చాలదు.

చివరికి ఏం చేశానంటారా? పాత ట్రెయిలర్ ఒకటి కొన్నాను. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు. మా మినీవ్యాను వెనక తగిలిస్తే చాలు. పని లేనప్పుడు గరాజు గోడకి నిలబెట్టేస్తాం. ఎర్రబండిని దగ్గర్లో ఒక స్కూల్లో మెకానిక్ పని నేర్చుకునే పిల్లలు తీసుకెళ్ళారు, విప్పి నేర్చుకోవడానికి. కాబట్టి ట్రెయిలర్ కావాల్సినవాళ్ళు ఎప్పటిలాగే ఫోను చెయ్యండి. కాఫీ రేటు మారలేదు. ట్రెయిలరక్క అని పిలుస్తామంటే మాత్రం ఒప్పుకోను.

పిల్లలకి ఈసారి హోంవర్కు. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని, బండి ఆపేసి, తాళాలు అమ్మ చేతిలో ఉంచి, డ్రైవరు సీట్లో కూర్చోండి. నాన్నగారిని బండి ముందు నేలమీద ఒక బంతి పెట్టి, మెల్లగా వెనక్కి జరపమనండి. ఎన్ని అడుగుల దూరంలో అది మీకు కనపడిందో టేపుతో కొలవండి. తర్వాత సీటు మార్చి అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టి కొలవండి. వచ్చిన అంకెలు నాకు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాను.

పెద్దవాళ్ళకి ఒక్క మాట. కొత్తబండి కొనగానే మనం మన వెంకన్న గుడికి తీసుకెళ్తాం. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. నిమ్మకాయలు ఒక్కరోజుకి చాలు. బండి ఎక్కేముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం మాత్రం రోజూ చెయ్యండి. చిన్నబండైనా, పెద్దబండైనా.

ఉంటాను మరి.